నా ముక్క ఏడున్నది మేడం?

(సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో ఒక పాథాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన మిత్రురాలు "ఆస్పత్రుల్లో జరిగే పరిశోధన గురించి మాట్లాడండి, కాని మాకు అర్థమయ్యేట్టు మాట్లాడండి" అన్నారు. ఆ రెండో షరతు నాకు కొంచెం గుచ్చుకుంది. పాథాలజిస్టు అంటే రోగి ముఖం చూడని డాక్టరు. మీరు ఆస్పత్రికి పోతే మందు రాసే డాక్టరు కనబడతాడు, ఆపరేషన్ చేసే డాక్టరు కనబడతాడు, బిల్లు కొట్టే గుమాస్తా కూడా కనబడతాడు. మేం కనబడం. మీ రక్తమో, మీ ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కో ఒక నంబరు తగిలించుకుని మా గదికి వస్తుంది. మేం మైక్రోస్కోపులో చూసి, కింద సంతకం పెట్టి, కాగితం పైకి పంపిస్తాం. ముప్పై ఏళ్ళు ఈ పని చేశాను. అర్థమయ్యేట్టు మాట్లాడాల్సిన అవసరం దాదాపు రాలేదు.

ఒకసారి వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం ఒకామె మా ల్యాబు తలుపు దగ్గర నిలబడింది. సిద్దిపేట దిక్కు నుంచి వచ్చిన మనిషి, బీడీలు చుడుతుంది. అంతకు నాలుగేళ్ళ ముందు ఆమెకు కిడ్నీ బయాప్సీ చేశారు. వార్డులో ఎవర్ని అడిగినా చెప్పలేదట. అడుగుతూ అడుగుతూ మెట్లు దిగి మా గది దాకా వచ్చింది. "నా ముక్క ఏడున్నది మేడం?" అంది. నాకు ముందు అర్థం కాలేదు. "గప్పుడు నడుములకెల్లి సూదితోని తీసిన్రు గదా, గా ముక్క. పారేసిన్రా, ఉంచిన్రా?" అని వివరంగా అడిగింది. నా ఉద్యోగ జీవితంలో ఆ ప్రశ్న నన్నడిగిన మొదటి మనిషి ఆమె. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే అనుకోండి.

పరిశోధన మన సికింద్రాబాదుకు కొత్తది కాదు. ఇక్కణ్ణించి బేగంపేట ఎంత దూరం? ట్రాఫిక్ కరుణిస్తే ఆటోలో పది నిమిషాలు. అక్కడి మిలిటరీ ఆస్పత్రిలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మన గడియార స్తంభం తెరిచిన ఏడాదే అది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. సరే, ఆ దోమ తాగిన రక్తం ఎవరిది? హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిది. దోమల్ని ఆయన మీదికి వదిలారు, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున చేతిలో పెట్టారు. ఆ పేరు రాస్ తన రాతల్లో రాసిపెట్టాడు కాబట్టి మనకు తెలిసింది. హుసేన్ ఖాన్‌కు దక్కినవి ఆ అణాలు. నూట పాతికేళ్ళు దాటాయి. రక్తం ఇచ్చిన మనిషికీ, ఆ రక్తంలోంచి వచ్చిన జ్ఞానానికీ మధ్య లెక్క ఎలా ఉండాలన్న ప్రశ్న మన ఊళ్ళో అప్పుడే పుట్టింది.

పరిశోధన అనగానే మనకు కొత్త మందు, విదేశీ కంపెనీ, ఇంజెక్షను గుర్తొస్తాయి. దాని సంగతికి తర్వాత వస్తాను. కాని పాథాలజీ, ఇమ్యునాలజీ విభాగాల్లో జరిగే పరిశోధనలో ఎక్కువ భాగం మందు లేకుండానే జరుగుతుంది. పరీక్షకు తీసిన రక్తంలో మిగిలిన నాలుగు చుక్కల మీద జరుగుతుంది. మైనంలో దిమ్మ పోసి బీరువాలో దాచిన పాత బయాప్సీల మీద జరుగుతుంది. ఎం.డి. చదివే పిల్లలు థీసిస్ రాయాలి కాబట్టి జరుగుతుంది. "అమ్మా, ఇంకో గొట్టం రక్తం కావాలి" అని నర్సు అడిగితే మన ఆడవాళ్ళు ఎందుకని అడగరు, చెయ్యి చాపుతారు. ఆ గొట్టం వైద్యం కోసమా, థీసిస్ కోసమా అన్నది ఒక్కోసారి అడిగిన నర్సుకు కూడా తెలియదు. ఇందులో దుర్మార్గం ఉందని నేననడం లేదు. అలవాటు ఉంది. అలవాటుకు ఎవరూ సమాధానం చెప్పుకోరు, చిక్కంతా అక్కడే.

ఇప్పుడొక జబ్బు గురించి చెబుతాను. దాన్ని లూపస్ అంటారు. ఒంట్లో రోగాన్ని ఎదుర్కోవాల్సిన శక్తి తిరగబడి సొంత ఒంటి మీదే దాడి చేస్తుంది. ఈ జబ్బు వచ్చే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలు, అదీ పిల్లల్ని కనే వయసులో. కీళ్ళు నొప్పులు, విడవని జ్వరం, జుట్టు ఊడిపోవడం, బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల్లాంటి ఎర్రటి మచ్చ, కొందరికి కిడ్నీ చెడిపోవడం. ఈ లక్షణాలు ఉన్న స్త్రీ మన ఇళ్ళల్లో ఏమనిపించుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పని దొంగ. గాలి సోకింది. దిష్టి తగిలింది. ఆర్.ఎం.పి. దగ్గరికి పోతే బలం సూది, ఇంకొక నెలకు ఇంకొక సూది. రిపోర్టు చేతికొచ్చేసరికి మొగుడు పుట్టింటికి పంపించేసిన వాళ్ళ కథలు నా దగ్గర చాలా ఉన్నాయి.

ఆ రిపోర్టు ఎట్లా వస్తుంది? ఏఎన్ఏ అనే పరీక్ష ఉంది. ఒక గాజు పలక మీద మనిషి కణాలు పరిచి ఉంటాయి. రోగి రక్తంలోంచి తీసిన తేటను నీళ్ళలాంటి ద్రావణంతో పలచన చేసి ఆ కణాల మీద వేస్తాం. ఆమె రక్తంలో కణాల గుండె మీద, అంటే కేంద్రకం మీద, పగబట్టిన యాంటీబాడీలు ఉంటే అవి అక్కడ పోయి అతుక్కుంటాయి. కడిగేసి, వెలుగునిచ్చే రంగు కట్టిన మరో పదార్థం వేసి, చీకటి గదిలో ప్రత్యేకమైన మైక్రోస్కోపులో చూస్తే ఆకుపచ్చగా మెరుస్తాయి. చాలా అందంగా ఉంటుంది, ఆ మాట చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఏ జబ్బూ లేని ఆడవాళ్ళలో కూడా ఈ పరీక్ష కొద్దిగా పాజిటివ్ రావచ్చు. కాగితం మీద ఆ మాట చూసి మీ కేసుల్లో ఎవర్నీ భయపెట్టకండి. లక్షణాలతో కలిపి చూడాల్సిందే. 2019లో యూరప్, అమెరికా కీళ్ళవాత వైద్యుల సంఘాలు కలిసి ఇచ్చిన ప్రమాణాల్లో ఈ పరీక్షే మొదటి గడప. హెప్-2 అనే కణాల మీద, 1:80 పలచనలోనైనా మెరవాలని అందులో ఉంది.

ఈ హెప్-2 కణాలు ఎవరివి? 1950లలో గొంతు క్యాన్సర్ ఉన్న ఒక మగవాడి గడ్డలోంచి పెంచినవని చాలాకాలం రాసుకున్నారు. తర్వాత జన్యు పరీక్షలు చేస్తే అవి హీలా కణాలని తేలింది. ప్రయోగశాలలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, బలమైనది మిగిలింది. హీలా కణాలు హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీవి. మగవాడి పేరున ఇన్నేళ్ళు చెలామణి అయినవి ఒక ఆడమనిషి కణాలన్నమాట. మన ఉద్యమంలో ఇట్లాంటి కథలు మనం చాలా విన్నాం గాని, కణాల విషయంలో కూడా ఇంతేనా అని నాకు నవ్వొచ్చింది.

నవ్వొచ్చే కథ కాదు. హెన్రియెట్టా పొగాకు పొలాల్లో పనిచేసిన కుటుంబం నుంచి వచ్చింది. ఐదుగురు పిల్లల తల్లి. 1951లో గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌తో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి పోయింది. వైద్యం చేస్తూనే ఆమె గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరిశోధనకు ఇచ్చారు. ఆమెను అడగలేదు. ఆ రోజుల్లో అడిగే ఆచారమే లేదు. ఆ అక్టోబరులో ఆమె 31 ఏళ్ళ వయసులో చనిపోయింది. కణాలు చావలేదు. పోలియో టీకా పరీక్షకు అవే, క్యాన్సర్ పరిశోధనకు అవే, ప్రపంచమంతా కొని అమ్మిన సరుకు అవే. చాలాకాలం ఆమె పేరు కూడా తప్పుగానే ప్రచారంలో ఉంది. కుటుంబానికి ఈ సంగతి 1970లలో గాని తెలియలేదు. ఆ కణాల జన్యు వివరాలు ఎవరు చూడాలన్న నిర్ణయంలో కుటుంబానికి చోటు దొరికింది 2013లో. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక పెద్ద కంపెనీ కుటుంబంతో రాజీకి వచ్చింది 2023లో. అంటే 72 ఏళ్ళు.

ఇప్పుడు ఆ గాజు పలకను మళ్ళీ ఒకసారి ఊహించుకోండి. కింద, అడగకుండా తీసుకున్న బాల్టిమోర్ స్త్రీ కణాలు. పైన, సిద్దిపేట బీడీ కార్మికురాలి రక్తం. ఆమెను కూడా మేం అడిగామా? పరీక్షకు అడిగాం. పరీక్ష అయిపోయాక మిగిలిన దాని సంగతి అడగలేదు.

ఇంతవరకు విన్నాక మీలో కొందరికి "అయితే ఈ పరిశోధనలన్నీ వద్దనాలి" అనిపిస్తుండవచ్చు. నేను దానికి ఒప్పుకోను. గట్టిగా ఒప్పుకోను. పరిశోధన లేకపోతే ఏమయ్యేదో చూడండి. వరసగా గర్భాలు పోయే స్త్రీని మన సమాజం ఎన్ని మాటలంటుందో, ఎంతమంది మొగుళ్ళు ఆ నెపంతో రెండో పెళ్ళి చేసుకున్నారో మీ దగ్గరికొచ్చే కేసుల్లోనే ఉంది. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే డాక్టరు, ఆయన బృందం, అట్లాంటి కొందరు స్త్రీల రక్తంలో ఒక రకం యాంటీబాడీలు ఉన్నాయని, వాటివల్ల రక్తం గడ్డకట్టి మాయకు రక్తం అందకుండా పోతుందని దారి చూపించారు. ఇప్పుడు పరీక్ష ఉంది. ఆస్పిరిన్, హెపారిన్ ఇచ్చి చాలామంది బిడ్డల్ని కాపాడుకుంటున్నారు. గొడ్రాలు అన్న తిట్టును ఒక రక్తపరీక్ష కొంతమంది మీది నుంచి తీసేసింది. అది ఇమ్యునాలజీ చేసిన పని.

కిడ్నీ సంగతి ఇంకా ముఖ్యం. లూపస్ కిడ్నీకి పాకినప్పుడు సూదితో దారం పోగంత ముక్క తీస్తారు. అందులో ఒక భాగం ఫార్మలిన్‌లో వేస్తాం, ఇంకో భాగం వేయకూడదు, ఎందుకంటే దాంట్లో యాంటీబాడీలు ఎక్కడెక్కడ పేరుకున్నాయో వెలుగు పరీక్షలో చూడాలి. చూసి, ఆరు తరగతుల్లో ఏదో తేలుస్తాం. మూడు, నాలుగు తరగతులైతే గట్టి మందు కావాలి. ఆ మందుల్లో ఒకటి సైక్లోఫాస్ఫమైడ్. అది కిడ్నీని కాపాడుతుంది, అండాశయాల్ని దెబ్బతీస్తుంది. అమెరికా పరిశోధకులు 1980లలో స్థిరపరిచిన పద్ధతిలో మోతాదు ఎక్కువ. చాలామంది యువతులకు ముట్లు ఆగిపోయాయి. కిడ్నీ దక్కింది కదా, ఇంకేం కావాలి అన్న ధోరణి కొన్నాళ్ళు నడిచింది. యూరప్‌లో కొందరు దీన్ని మళ్ళీ పరీక్షకు పెట్టారు. 15 రోజులకొకసారి 500 మిల్లీగ్రాముల చొప్పున ఆరుసార్లు, మొత్తం మూడు గ్రాములే ఇచ్చి చూశారు. 2002లో ఫలితం వచ్చింది. కిడ్నీ విషయంలో తేడా రాలేదు. ఇది స్త్రీకి ఎంత పెద్ద సంగతో మీకు తెలుసు.

కాని ఆ పరిశోధనలో ఉన్నది 90 మంది, వాళ్ళలో అత్యధికులు తెల్లవాళ్ళు. అదే మోతాదు మన ఆడవాళ్ళకు సరిపోతుందా? రక్తహీనతతో, నలభై కిలోల బరువుతో, ఆలస్యంగా వచ్చే మనిషికి? దాన్ని మన ఆస్పత్రుల్లో, మన ముక్కల మీద, మన రక్తం మీద చూస్తేనే తెలుస్తుంది. దేశంలో కొన్నిచోట్ల చూస్తున్నారు కూడా. పరిశోధనలో మన స్త్రీలు లేకపోవడం కూడా అన్యాయమే. వేరేవాళ్ళ ఒంటికి కుట్టిన రవికె మనకు తొడుగుతారు.

కాబట్టి గొడవ పరిశోధనతో కాదు, అడగకపోవడంతో, తిరిగి చెప్పకపోవడంతో. ఇది నేను ఎవరి మీదో నేరం మోపి చెప్పడం లేదు. నేనూ చేశాను. ఒక స్త్రీకి బుగ్గల మీద ఆ సీతాకోకచిలుక మచ్చ పుస్తకంలో బొమ్మ గీసినట్టు వచ్చింది. ఫొటో తీయించాం. కళ్ళ మీద నల్లపట్టీ వేసి ఒక సదస్సులో చూపించాను. చప్పట్లు కొట్టారు. ఆ స్లైడు ఒకరి నుంచి ఒకరికి పోయి ఎక్కడో నర్సింగు క్లాసులో పాఠమైంది. ఆ క్లాసులో ఆమె కూతురు కూర్చునుంది. నల్లపట్టీ కళ్ళనే దాచింది. తల్లి ముక్కుపుడక కూతురికి తెలియదా? ఆ పిల్లకు అప్పుడు సంబంధాలు చూస్తున్నారు, తల్లి జబ్బు సంగతి బయటపెట్టలేదు. నా దగ్గరికి వచ్చి అరవలేదు. "మా అమ్మను అడిగారా?" అని ఒక్క మాట అడిగింది. అడగలేదు. "ఫొటో తీసుకుంటాం" అన్నాం, "ఎవరికి చూపిస్తాం" అనలేదు. నల్లపట్టీతో గోప్యత కాపాడామనుకునే డాక్టర్లు ఇంకా ఉన్నారు. నేను మానేశాను, కాని ఆ అమ్మాయి వచ్చాకే మానేశాను.

మన ఉద్యమానికి ఈ పాఠం కొత్తది కాదు. 1985 ప్రాంతంలో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షను ప్రయోగం జరుగుతుంటే హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు పోయి చూశారు. అది ప్రయోగమన్న సంగతి అక్కడికి వచ్చిన స్త్రీలకు తెలియదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీ నుంచి సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2000లో ఆ కేసు ముగిసేనాటికి, ఆ ఇంజెక్షనును కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో మూకుమ్మడిగా వాడబోమని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. పద్నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. మీలో కొందరికి ఆ తిరుగుడు గుర్తుండే ఉంటుంది. ఇమ్యునాలజీ అన్న మాట మన కరపత్రాల్లోకి వచ్చింది కూడా ఆ తర్వాతి సంవత్సరాల్లోనే. గర్భానికి అవసరమైన హార్మోను మీదికే యాంటీబాడీలను ఉసిగొల్పే టీకా ఢిల్లీలో జాతీయ ఇమ్యునాలజీ సంస్థ తయారుచేస్తుంటే, ఒంటి రక్షణ వ్యవస్థతో ఆడుకునే హక్కు ఎవరిచ్చారని 1990లలో దేశదేశాల స్త్రీలు అడిగారు.

ఆ తర్వాత ఖమ్మం. 2009 జులైలో పాథ్ అనే అమెరికన్ స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టాయి. గుజరాత్‌లో వడోదరలో కూడా ఇట్లాంటిదే నడిచింది. ఖమ్మంలో చాలామంది పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉన్న ఆదివాసీ పిల్లలు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు, ఆరోగ్య సంఘాలు గొడవ చేశాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఈ లెక్కలు చూపించి, పాథ్‌నూ పరిశోధనా మండలినీ కూడా నిలదీసింది. మండలి పని మనల్ని కాపాడడం, అక్కడ అదే భాగస్వామి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే నా వృత్తికి అన్యాయం చేసినట్టే. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం అభిప్రాయపడింది. ఆ టీకా గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని ఇప్పుడు ప్రపంచమంతా రుజువులున్నాయి. మన ఆడపిల్లలకు అది అందాలనే నా అభిప్రాయం. కాని పార్లమెంటు సంఘం ఎత్తిచూపిన లోపం పాథాలజిస్టుగా నాకు నిద్ర పట్టనివ్వలేదు. టీకా వేశాక పిల్లలకు ఏమవుతుందో కనిపెట్టి చూసే ఏర్పాటే సరిగా లేదు. ఒక బిడ్డ చనిపోతే ఎందుకు చనిపోయిందో తేల్చే సాక్ష్యం సేకరించుకోకుండా "సంబంధం లేదు" అంటే తల్లి ఎట్లా నమ్ముతుంది? ఆ అపనమ్మకం మంచి టీకా మీద కూడా ఏళ్ళ తరబడి నీడలా పడింది.

ఇంకొక సంగతి ఉంది. ఆ టీకా అడ్డుకునే వైరస్ రకాల్లో పద్దెనిమిదో నంబరు రకాన్ని జర్మనీలో హరాల్డ్ జూర్ హౌసెన్ బృందం 1980లలో కనిపెట్టింది. ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. అదే వైరస్ హీలా కణాల్లో కూడా ఉందని వాళ్ళే చూశారు. హెన్రియెట్టాను చంపింది అదే. అడగకుండా తీసుకున్న ఆమె ముక్క, భద్రాచలం హాస్టలు పిల్లలకు వేసిన టీకా, రెండూ ఒకే దారంలో ఉన్నాయి. ఇద్దరినీ అడగలేదు.

ఇప్పుడు నిబంధనలు ఏం చెబుతున్నాయి? కాగితం మీద చాలా ఉన్నాయి. 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్‌లో చేరే మనిషికి ఆమె భాషలో సమాచారం ఇవ్వాలి, చదువు రాకపోతే సంబంధం లేని సాక్షి ఉండాలి, పత్రం కాపీ ఒకటి ఆమె చేతికివ్వాలి, హాని జరిగితే వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. మందు లేని పరిశోధన, అంటే మా పాథాలజీ రకం పరిశోధన కూడా రిజిస్టరైన నైతిక సంఘం ముందుకు రావాల్సిందే. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు మిగిలిపోయిన రక్తం, పాత దిమ్మల గురించి మాట్లాడతాయి. పేరు తీసేసి, హాని లేకుండా వాడే పాత నమూనాలకు సమ్మతి అడగకుండా మినహాయింపు ఇవ్వవచ్చు. ఆ మినహాయింపు ఇవ్వాల్సింది నైతిక సంఘం, పరిశోధన చేసే డాక్టరు తనకు తాను ఇచ్చుకునేది కాదు. ఇది మా వాళ్ళలో చాలామంది మరిచిపోయే సంగతి. పరిశోధన కోసం అదనంగా చేసిన పరీక్షకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. బిల్లులో ఎప్పుడూ చేయని కొత్త పరీక్ష పేరు కనబడితే అడగండి, ఇది నా వైద్యానికా, మీ చదువుకా అని. తన రికార్డులు అడిగిన రోగికి 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. ఇంకో ఆస్పత్రిలో చూపించుకోవడానికి స్లైడ్లు కావాలన్నా అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు.

ఇక మీ పని. ఈ నైతిక సంఘాల్లో కనీసం ఏడుగురు ఉండాలి, సగంమంది ఆ ఆస్పత్రికి సంబంధం లేనివాళ్ళు కావాలి, ఒక స్త్రీ ఉండాలి, వైద్యం తెలియని సామాన్య సభ్యురాలో సభ్యుడో ఉండాలి. ఆచరణలో ఏం జరుగుతుందంటే ఆ "స్త్రీ" కుర్చీలో ఒక లేడీ డాక్టరు, ఆ "సామాన్యుడి" కుర్చీలో యాజమాన్యానికి తెలిసిన ఒక పెద్దమనిషి కూర్చుంటారు. సమోసాలు తిని సంతకాలు పెట్టిన సమావేశాలు నేను చూశాను, నిజం చెప్పొద్దూ, నేనూ తిన్నాను. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో పదిమంది ఆ సామాన్య కుర్చీల్లో కూర్చోవడానికి తయారుకావాలని నా కోరిక. ఈ చుట్టుపక్కల ఎన్ని పెద్ద ఆస్పత్రులున్నాయో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. ఉత్తరం రాయండి, మేం వస్తామని చెప్పండి. కూర్చున్నాక సమ్మతి పత్రాన్ని పైకి చదవమని అడగండి. మా వాళ్ళ తెలుగు సమ్మతి పత్రాలు ఎట్లా ఉంటాయంటే, ఇంగ్లీషును బాణలిలో వేసి సంస్కృతంలో వేయించినట్టుంటాయి. "హానికారక పరిణామముల సంభావ్యత" అని రాస్తారు. నాకే అర్థం కాదు. "ఇందువల్ల మీకు ఏం కావచ్చు" అని రాయించండి. ఆ ఒక్క పని చేయించినా చాలు.

ఇక ఆ సిద్దిపేట ఆమె. ఆమె ముక్క మేం పారేయలేదు. రిజిస్టరు వెతికి నంబరు పట్టుకుని, బీరువాలోంచి దిమ్మ తీశాను. చిన్న మైనపు బిళ్ళ, మధ్యలో దారం పోగులాంటిది. ఆమె అరచేతిలో పెట్టాను. "గింతేనా?" అంది. స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. గులాబీ రంగు ముద్దల్లా కనబడేవి కిడ్నీలో వడపోసే జల్లెళ్ళని చెప్పాను. "వీటి మీద మీరేమన్న రాసిన్రా?" అని అడిగింది. రాశాం. ఇంకొందరి ముక్కలతో కలిపి, పేర్లు లేకుండా, ఇంగ్లీషులో, ఒక వైద్య పత్రికలో. అందులో ఏముందో ఆమెకు తెలుగులో చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఎవరికి జబ్బు మళ్ళీ తిరగబెట్టిందో, ముక్కలో ఏ గుర్తులుంటే అట్లా జరిగిందో చెప్పాను. శ్రద్ధగా వింది. తర్వాత రెండు ప్రశ్నలడిగింది. పొద్దంతా వంగి కూర్చుని బీడీలు చుట్టొచ్చా, మానాలా? తన బిడ్డకు కూడా ఇది వస్తుందా? మేం ముక్కలు చూశాం గాని, ఆ ముక్కలు ఇచ్చిన వాళ్ళు ఏం పని చేస్తారో ఎక్కడా నమోదు చేయలేదు. మా వ్యాసంలో ఆ రెండింటికీ జవాబు లేదు.

నేను మాట్లాడాల్సింది ఇంతే. మీ ప్రశ్నలు వింటాను.